విద్యార్థి, మిల్లు, రైతు: ముగ్గురును కూడిన పని



వ్యవసాయ కళాశాలలో నాలుగవ సంవత్సరము చదువు విద్యార్థులు మీ గ్రామమునకు వచ్చి, కొన్ని వారములు అక్కడనే ఉండి, మీ వెంట చేలలో తిరుగుట మీరు చూచియుందురు. ఆ తరువాత వారే ఒక ఫ్యాక్టరీకో, విత్తన సంస్థకో పోయి అచ్చటి పని నేర్చుకొందురు. మీలో కొందరు వారిని ఆదరించి అన్నము పెట్టుదురు. మరికొందరు, "మార్కుల కొరకు వచ్చిన పిల్లలు, నాలుగు ప్రశ్నలడిగి పోవుదురు" అని ఊరకుందురు. ఈ రెండవ మాటలోను కొంత నిజము లేకపోలేదు. కాని అట్లు జరిగిన చోట తప్పు విద్యార్థిది మాత్రమే కాదు. అతనికి మన కష్టమేదో సరిగా చెప్పని తప్పు మనది.

విద్యార్థి చేతిలో తీరిక కలదు, కొలతలు తీయు నేర్పు కలదు, వెనుక పరిశోధనశాల కలదు. మిల్లు చేతిలో బాయిలరు, వర్కుషాపు, పెట్టుబడి కలవు. మీ చేతిలో నేల కలదు, పంట కలదు, ఏది సాగునో ఏది సాగదో తెలిసిన అనుభవము కలదు. ఈ మూడును కూడినచో అడవిపై భారము తగ్గించి, ఖర్చు తగ్గించి, వ్యర్థమగు వస్తువును ఎరువుగనో ఇంధనముగనో మార్చు పనులు మన ఖమ్మం, భద్రాచలం ప్రాంతమున అనేకము చేయవచ్చును. అట్టి పనులకు రైతు ఎట్లు సిద్ధపడవలెనో ఈ వ్యాసమున వివరింపబడినది.

ఈ ఏర్పాటు ఎట్లు వచ్చినది?

చదువును పనిని ఒకే తాటిపై నడుపుట కొత్త సంగతి కాదు. అమెరికాలోని సిన్సినాటీ విశ్వవిద్యాలయమున 1906లో హెర్మన్ ష్నైడర్ అను ఆచార్యుడు ఇంజనీరింగు విద్యార్థులను కొంతకాలము తరగతిలోను, కొంతకాలము కర్మాగారములోను ఉంచి నేర్పు పద్ధతి ప్రారంభించెను. మన దేశమున వ్యవసాయ విద్యార్థులు గ్రామములో ఉండి నేర్చుకొను కార్యక్రమము చాలకాలముగా నున్నది. 2015లో భారత వ్యవసాయ పరిశోధనా మండలి "స్టూడెంట్ రెడీ" అను పేర గ్రామానుభవము, కర్మాగారములో శిక్షణ, విద్యార్థి స్వయముగా చేయు ప్రాజెక్టు మొదలగు వానిని ఒకటిగా చేర్చినది. ఇంజనీరింగు కళాశాలలు గ్రామములను ఎన్నుకొని పనిచేయుటకు 2014లో ఉన్నత్ భారత్ అభియాన్ మొదలైనది.

మన ప్రాంతమున ఇందుకు అనుకూలత ఎక్కువ. అశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాలయు, ఆయిల్‌ఫెడ్ వారి పామాయిల్ ఫ్యాక్టరీయు ఒకే ఊర నున్నవి. దమ్మపేట మండలము అప్పారావుపేటలో మరియొక పామాయిల్ ఫ్యాక్టరీ కలదు. గోదావరి ఒడ్డున సారపాకలో కాగితపు కర్మాగారము, పాల్వంచలో థర్మల్ విద్యుత్ కేంద్రము, ఖమ్మములో పెద్ద మిర్చి మార్కెట్టు ఉన్నవి. వీని నడుమ మన చేలు, చేల అంచున అడవి.

సారపాక నేర్పిన పాఠము

మిల్లును రైతును కలిపిన పని మన కళ్ళయెదుటనే ఒకటి జరిగినది. సారపాక కర్మాగారము 1979లో ఉత్పత్తి ప్రారంభించినది. కాగితమునకు కావలసిన కట్టెను వెదురును ఎల్లకాలము అడవి నుండియే తెచ్చుట సాధ్యము కాదు. 1988 నాటి జాతీయ అటవీ విధానము, పరిశ్రమలు తమకు కావలసిన కలపను రైతులతో నేరుగా సంబంధము పెట్టుకొని, పెట్టుబడి, సలహా, నరుకుడు, రవాణా సహాయములు చేసి పెంచుకొనవలెనని చెప్పినది.

గింజ నుండి వచ్చిన జామాయిల్ తోటలలో ఒక చెట్టు వలె మరియొక చెట్టు ఉండదు. అట్టి తోటలలో హెక్టారుకు ఏటా 6 నుండి 10 ఘనపు మీటర్ల కలప మాత్రమే వచ్చుచుండెడిది. అందుచేత కర్మాగారపు శాస్త్రజ్ఞులు 1980 దశకపు చివర ఒక పని ప్రారంభించిరి. చేలలో మిక్కిలి బాగుగా పెరిగిన చెట్టును ఎన్నుకొని నరికిరి. మోడు నుండి వచ్చిన చిగురు కొమ్మలను ముక్కలు చేసి, తేమ గదులలో వేరు పట్టించి మొక్కలు చేసిరి. ఇట్లు వచ్చిన మొక్క తల్లిచెట్టు గుణములనే పొందును. వీనిని క్లోనులు అందురు. మంచి క్లోనులు తగిన నేలలో హెక్టారుకు ఏటా 20 నుండి 25 ఘనపు మీటర్ల వరకు ఇచ్చినవి.

ఇచ్చట గుర్తింపవలసిన సంగతి ఒకటి కలదు. ఏ క్లోను ఎఱ్ఱ నేలకు తగునో, ఏది రేగడికి తగునో, ఏది క్షార నేలను తట్టుకొనునో గదిలో కూర్చుండి తెలిసికొనలేము. వేరు వేరు నేలలలో నాటి, ఏటేట చుట్టుకొలత ఎత్తు కొలిచి, చచ్చిన మొక్కల లెక్క వ్రాసిననే తెలియును. అనగా రైతు చేనే అసలు పరీక్షాశాల.

ఇందు ఒక హెచ్చరికయు కలదు. 2001లో మన దక్షిణ దేశమున మొదట కనిపించిన గాల్ కందిరీగ జామాయిల్ ఆకు ఈనెలపై, కాడలపై బుడిపెలు కలిగించి లేత తోటలను దెబ్బతీసినది. తోట అంతయు ఒకే క్లోను అయినచో పురుగు పట్టిననాడు తోట అంతయు ఒకేసారి దెబ్బతినును. కనుక రెండు మూడు క్లోనులు నాటుట మేలు.

అడుగవలసిన వారిని అడుగనిచో

కర్ణాటకములో తుమకూరు జిల్లాయందు పుర అను చిన్న గ్రామమున్నది. బెంగుళూరు భారత విజ్ఞాన సంస్థలో 1974లో అమూల్య రెడ్డిగారు గ్రామములకు శాస్త్రము నందించుటకు "అస్త్ర" అను విభాగము స్థాపించిరి. ఆ విభాగమువారు పుర గ్రామమున పశువుల పేడతో పెద్ద గ్యాసు ప్లాంటు కట్టి, ఇంటింటికి వంట గ్యాసు ఇయ్యదలచిరి. యంత్రము బాగుగనే యున్నది. కాని ఊరి పేడ అందరి వంటకు చాలలేదు. ఆ యత్నము విఫలమైనది.

అప్పుడు ఊరివారిని, మీకు ముందుగా కావలసినది ఏమని అడుగగా, త్రాగునీరని చెప్పిరి. 1987 నుండి అదే గ్యాసుతో ఇంజను నడిపి, కరెంటు తీసి, బోరు నుండి నీరు తోడి కుళాయిలకు పంపి, ఇండ్లకు దీపములు పెట్టిరి. పేడ ఇచ్చిన వారికి బయటకు వచ్చిన మడ్డిని ఎరువుగా తిరిగి ఇచ్చి, కొంత రుసుము కూడ చెల్లించిరి. ఈ పద్ధతి కొన్ని సంవత్సరములు చక్కగా నడచినది. యంత్రము అదియే, పేడ అదియే. ప్రశ్న మాత్రము మారినది.

మన ఊరికి వచ్చు విద్యార్థియు, మిల్లు ఇంజనీరును ఇట్లే పొరపడవచ్చును. వారికి ప్రశ్న సరిగా అందించుట మన వంతు. మన ప్రాంతమున ముందుగా చేపట్టదగిన మూడు పనులను క్రింద వివరించుచున్నాము.

1. పామాయిల్ ఖాళీ గెలలు

ఒక టన్ను గెలలు ఫ్యాక్టరీకి పోయినచో సుమారు 180 నుండి 200 కిలోల నూనె వచ్చును. గింజలు రాల్చిన తరువాత సుమారు 220 కిలోల ఖాళీ గెలలు మిగులును. పీచు, చిప్పలు బాయిలరులో మండును. పచ్చి ఖాళీ గెలలో నూటికి 60 వంతులకు పైగా నీరే ఉండుటచే అది సులభముగా మండదు.

దానిని తోటకు తిరిగి తెచ్చుట మేలైన మార్గము. మలేషియావారి లెక్కల ప్రకారము ఒక టన్ను పచ్చి ఖాళీ గెలలలో సుమారు 19 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌కు, 7 కిలోల యూరియాకు సమానమైన పోషకములు కలవు. పామాయిల్ చెట్టుకు పొటాష్ అవసరము ఎక్కువ. ఇంతేకాక గెలలు నేలను కప్పి వేసవిలో తేమను కాపాడును.

ఐతే వీనిని తోటలో కుప్పగా పోయరాదు. కుళ్ళుచున్న కుప్పలలో కొమ్ము పురుగు గ్రుడ్లు పెట్టి పెరుగును. తరువాత అది మొవ్వులోనికి తొలిచి లేత చెట్లను పాడుచేయును. చెట్టు పాదుకు వెలుపల ఒకే వరుసగా పరచవలెను.

ఇక విద్యార్థులు తేల్చవలసిన ప్రశ్న: ఫ్యాక్టరీకి ఎన్ని కిలోమీటర్ల దూరము వరకు ఈ గెలలు తెచ్చుకొనుట గిట్టును? నీటిని మోసినందుకు కిరాయి ఇచ్చుట దండుగ. ఫ్యాక్టరీలోనే గెలలను పిండి, చీల్చి ఇచ్చినచో బరువు ఎంత తగ్గును? గెలలు దించి ఖాళీగా తిరిగివచ్చు ట్రాక్టరుపైననే వేసికొని వచ్చినచో కిరాయి ఎంత కలిసివచ్చును? ఎకరాకు 57 చెట్లున్న తోటలో సగము చెట్లకు పరచి, సగము చెట్లకు మామూలు ఎరువు వేసి, రెండు మూడేండ్లు గెలల బరువు వ్రాసినచో జవాబు దొరకును. ఒక జట్టు విద్యార్థులు వెళ్ళినను, మరుసటి ఏటి జట్టు అదే పుస్తకము కొనసాగించునట్లు కళాశాలవారిని కోరవలెను.

2. మిరప ఆరబెట్టుట

కల్లములో కాయ పరచిన తరువాత మబ్బు పట్టినచో ఆ రాత్రి నిద్ర ఎట్లుండునో మీకు చెప్పనక్కరలేదు. తడిసిన కాయ తాలుగా మారి ధర పడిపోవును. పైకి ఎఱ్ఱగానే యున్నను లోపల బూజు పట్టిన కాయలో అఫ్లాటాక్సిన్ అను విషము చేరవచ్చును. యూరపు దేశములు మిరపలో ఈ విషము నూరు కోట్ల వంతులలో 10 వంతులకు మించినచో సరకు దింపనీయవు.

ఆరబెట్టు యంత్రమును గూర్చి మాటలాడుటకు ముందు ఒక చిన్న లెక్క చూడుడు. పండుకాయలో నూటికి సుమారు 75 వంతులు నీరు. నిలువకు అది 11 వంతులకు దిగవలెను. అనగా 100 కిలోల పండుకాయ 28 కిలోల ఎండుకాయ యగును. 72 కిలోల నీరు ఆవిరిగా పోవలెను. ఒక కిలో నీరు ఆవిరియగుటకు 580 కిలోకాలరీల వేడిమి కావలెను. కిలో ఎండు కట్టె 3,500 కిలోకాలరీల వేడిమి ఇచ్చును. వేడిమి ఏమియు వృథా కాకున్నచో 12 కిలోల కట్టె చాలును. కాని సామాన్యపు పొయ్యిలో నాలుగవ వంతు వేడిమియే పనికివచ్చును. కనుక క్వింటాలు పండుకాయకు సుమారు 48 కిలోల కట్టె పట్టును. ఒక కోతకు 15 క్వింటాళ్ళు వచ్చినచో 720 కిలోల కట్టె! ఆ కట్టె ఎచ్చటి నుండి వచ్చునో మీకే తెలియును. మోయవలసినవారు మన ఇంటి ఆడవారు. తరగవలసినది మన ఊరి అడవి.

ఎండనే వాడుకొందమా? తేటయైన దినమున ఒక చదరపు మీటరు స్థలముపై సుమారు 4,300 కిలోకాలరీల ఎండ పడును. ప్లాస్టిక్ కప్పుగల ఎండ గది అందులో నూటికి 30 వంతులు వాడుకొన్నచో దినమునకు 2.2 కిలోల నీరు పోవును. 15 క్వింటాళ్ళ పండుకాయలో పోవలసిన నీరు 1,080 కిలోలు. 5 దినములలో ఆరవలెనన్న సుమారు 100 చదరపు మీటర్ల గది కావలెను.

కళాశాలలో విద్యార్థి తయారుచేయు నమూనా పెట్టె 2 చదరపు మీటర్లు ఉన్నదనుకొందము. అది 5 దినములలో 30 కిలోల పండుకాయ మాత్రమే ఆరబెట్టును. పెట్టె బాగుగా పనిచేసినను మీ కల్లమునకు అక్కరకు రాదు. అందుచేత పెట్టెను చూపిన విద్యార్థిని మీరు అడుగవలసిన మొదటి ప్రశ్న: "అబ్బాయీ, మా ఒక కోత కాయ ఇందులో ఎన్నాళ్ళకు ఆరును?"

దీనికి రెండు మార్గములు కలవు. పది కుటుంబములు కలిసి పెద్ద గది ఒకటి కట్టుకొని, వంతులవారీగా కోతలు కోయుట మొదటిది. కాయను ముందు శుభ్రమైన టార్పాలిన్ పట్టలపై ఎండలో సగము ఆరబెట్టి, మబ్బు పట్టిననాడు మాత్రము గదిలోనికి చేర్చుట రెండవది. రెండవ పద్ధతికి గది చిన్నదైనను చాలును. ఏది మీ ఊరికి తగునో కొలిచి చెప్పుట విద్యార్థుల పని. గది చట్రము, ఫ్యానులు తయారుచేయుట వర్కుషాపువారి పని. శీతల గిడ్డంగుల వారు, కారపు మిల్లుల వారు బూజులేని కాయకు అధిక ధర ఇచ్చెదమని ముందే ఒప్పుకొనుట వారి వంతు. ఈ మూడవది లేనిదే రైతు గది కట్టుకొనుటలో లాభము లేదు.

3. మిల్లు సున్నపు మడ్డి, బూడిద

కాగితపు మిల్లులో మందులను తిరిగి రాబట్టుకొనునప్పుడు సున్నపు మడ్డి మిగులును. ఇందు ముఖ్యముగా నుండునది కాల్షియం కార్బొనేటు. ఒడిశాలో ఆమ్ల నేలలను బాగుచేయుటకు ఇట్టి మడ్డిని పశువుల ఎరువుతో కలిపి వాడియున్నారు. కాని మన జిల్లాలలో అన్ని నేలలును ఒకటి కావు. ఉదజని సూచిక 6కు తక్కువగా నున్న ఎఱ్ఱ నేలలకే ఇది పనికివచ్చును. సున్నము ముందే ఉన్న రేగడిలో వేసినచో ఇనుము, జింకు మొక్కకు అందక ఆకులు పాలిపోవును.

బొగ్గు బూడిద విషయమున మరింత జాగ్రత్త అవసరము. బొగ్గును బట్టి బూడిదలో హానికరమైన లోహములుండవచ్చును. ఊరకనే ఇచ్చుచున్నారని లారీలతో తెచ్చి చేలో పోసికొనరాదు. మట్టి పరీక్ష, మడ్డి లేక బూడిద పరీక్ష రెండును చేయించి, ఫలితములు కాగితముపై చూచిన తరువాతనే చిన్న మడిలో వేసి చూడవలెను. మిల్లుకు వదిలించుకొనవలసిన వస్తువు మీకు ఎరువగునా కాదా అని చెప్పవలసినది పరీక్షయే.

ఒప్పుకొనుటకు ముందు

మీ చేలో ప్రాజెక్టు పెట్టెదమని విద్యార్థులుగాని, మిల్లువారుగాని వచ్చినచో ఈ క్రింది సంగతులు ముందుగా తేల్చుకొనుడు.

(అ) ప్రశ్న మీది కావలెను. గ్రామములో పదిమంది కూర్చుండి, ఆడవారిని కూడ పిలిచి, ముందుగా తీరవలసిన కష్టమేదో నిర్ణయించి చెప్పుడు. నీరు, కట్టె మోయువారి మాట వేరుగా నుండును.

(ఆ) చేను అంతయు ఇయ్యకుడు. పావు ఎకరమో అర ఎకరమో ఇచ్చి, దాని ప్రక్కనే అంతే స్థలమున మీ మామూలు పద్ధతిలో సాగు చేయుడు. రెండు మడులు లేనిదే లాభనష్టములు తెలియవు.

(ఇ) నష్టము వచ్చినచో ఎవరు భరింతురు? పంట తగ్గినచో ప్రక్క మడి దిగుబడితో పోల్చి తేడా చెల్లించునట్లు తెలుగులో కాగితము వ్రాయించుకొనుడు. కళాశాల తరఫున ఉపాధ్యాయుడు, మిల్లు తరఫున అధికారి సంతకము చేయవలెను. విద్యార్థి సంతకము చాలదు. అతడు పరీక్షలు వ్రాసి వెళ్ళిపోవును.

(ఈ) యంత్రము పెట్టినచో, విద్యార్థులు వెళ్ళిన తరువాత అది ఎవరిది? చెడిపోయినచో బాగుచేయువాడు మండలములో దొరకునా? విడిభాగము ఎచ్చట కొనవలెను?

(ఉ) చెట్లు నాటు ప్రాజెక్టు అయినచో నరుకుటకు, రవాణాకు ఏ అనుమతులు కావలెనో, కొనుగోలు ధర ఎట్లు నిర్ణయింతురో అడుగుడు. అటవీ హక్కుల పట్టా భూమి అయినచో పత్రములోని హద్దులు దాటి ఒక్క మొక్కయు పెట్టరాదు. పత్రము అసలును ఎవరికిని ఇయ్యకుడు, నకలు చాలును.

(ఊ) నోటు పుస్తకములు రెండుండవలెను. ఒకటి విద్యార్థి యొద్ద, మరియొకటి మీ యొద్ద. వాన, ఎరువు, కూలీలు, దిగుబడి, ధర అన్నియు తేదీలతో రెంటిలోను వ్రాయవలెను. చదువురాని వారు బడిలో చదువు తమ పిల్లలచేత వ్రాయించవలెను.

(ఋ) ఫలితము మీకు చెప్పి తీరవలెను. చివర గ్రామసభలో విద్యార్థులు నిలుచుండి, ఏది ఫలించినది, ఏది ఫలించలేదు తెలుగులో చెప్పి, మీ ప్రశ్నలకు జవాబియ్యవలెను. కోయ గూడెములలో కోయ భాషలో చెప్పువారిని వెంట తెచ్చుట మేలు. ఫలించని సంగతి చెప్పుటకు విద్యార్థిని సిగ్గుపడనీయకుడు. ఒక మడిలో ఓడినది నూరు చేలలో ఓడకుండ కాపాడును.

ఎవరిని అడుగవలెను?

మీ మండల వ్యవసాయాధికారిని, అశ్వారావుపేట వ్యవసాయ కళాశాలవారిని, కొత్తగూడెము సమీపమున గరిమెళ్ళపాడులోను, ఖమ్మం జిల్లా వైరాలోను గల కృషి విజ్ఞాన కేంద్రముల వారిని అడుగవచ్చును. విద్యార్థులను మీ ఊరికి పంపుడని గ్రామ పంచాయతీ తీర్మానము చేసి, మీ ప్రశ్నను అందులోనే వ్రాసి పంపినచో మరియు మంచిది. పని వెదుకుకొనుచు వచ్చిన విద్యార్థి కంటె, పిలిచినందున వచ్చిన విద్యార్థి ఎక్కువ శ్రద్ధతో పనిచేయును.

రైతు సోదరులారా! మీ గడపకు వచ్చిన విద్యార్థి రేపు మిల్లులో ఇంజనీరో, బ్యాంకులో అధికారియో, మండలములో వ్యవసాయాధికారియో కావచ్చును. మీ కల్లములో ఒక రాత్రి మబ్బును చూచి భయపడినవాడు ఆ సంగతి మరువడు. కనుక ఈసారి అతడు నోటు పుస్తకము తెరచినప్పుడు అడిగిన దానికి జవాబు చెప్పి ఊరకుండక, మీ ప్రశ్నయు అందులో వ్రాయించుడు.